‘అస్థికలు’ రెండో ఆల్బం

నన్ను బ్యాండులోంచి తీసేయడానికి చూస్తున్నారని నాకు అర్థమైపోయింది. ఆ మాటే సాయిలక్ష్మితో అంటే, ఆవిడ పప్పుగుత్తి కింద పెట్టకుండానే, "ఎవురు, ఆ ఇద్దరేనా? మీరు ముగ్గురు తప్పితే ఆ గోల ఇనేవోడు యాడుండాడు? అందులోంచి మళ్ళా ఒకణ్ణి తీసేస్తారా?" అంది. మా ఆవిడకు మా సంగీతం మీద ఉన్న గౌరవం అంత.

నా పేరు హజరత్తయ్య. అల్లూరులో రొయ్యల మేత, మందుల కొట్టు నడుపుతాను. కావలిలో డిగ్రీ చదివే రోజుల్లో ‘అస్థికలు’ అనే డెత్ మెటల్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాణ్ణి. డెత్ మెటల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెబుతాను. గిటారు రంపంలా కోస్తుంది. పాడేవాడు పాడడు, కడుపులోంచి గర్జిస్తాడు. డ్రమ్స్ వాయించేవాడి రెండు కాళ్ళూ కుట్టుమిషను తొక్కినట్టు ఆగకుండా ఆడుతూనే ఉండాలి. పాటలన్నీ చావు గురించే. మా బ్యాండు పేరు విని, ఒకాయన వాళ్ళ నాన్న పెద్దదినానికి మేళం మాట్లాడుకుందామని వచ్చాడు కూడా. అడ్వాన్సు తీసుకోకుండా పంపించేసినందుకు చిన్నబాబు చాలా రోజులు బాధపడ్డాడు.

చిన్నబాబు మా పాటగాడు, బేస్ గిటారు కూడా వాడిదే. సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లెకారుల ఇంటి పిల్లాడు. ఇప్పుడు వేటకు పోయే బోట్లకు ఐసు సరఫరా చేస్తుంటాడు. గిటారు పెంచలప్రసాద్. వాడు గుంటల్లో రొయ్యలు పెంచుతాడు. ముగ్గురికీ యాభై దగ్గరపడింది. ముగ్గురిలో ఇద్దరికి జుట్టు లేదు, పాటకు జుట్టు ఎగరేస్తూ తల ఊపడానికి మిగిలింది నేనొక్కణ్ణే.

ఆ రోజుల్లో ఒకే ఒక్క క్యాసెట్టు చేశాం. బుచ్చిరెడ్డిపాలెంలో ప్రసాద్ మేనమామకు రైసుమిల్లు ఉండేది. ఇంట్లో వాయిస్తే తన్నేవాళ్ళు కాబట్టి మిల్లు వెనక గదిలో వాయించుకునేవాళ్ళం. మిల్లు ఆడుతుంటే మేమెంత గోల చేసినా అడిగే నాథుడు లేడు. మోటారు మీద పెద్ద బెల్టు ఉండేది, దానికొక అతుకు. ఆ అతుకు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా టక్ మనేది. నేను ఆ టక్కును పట్టుకుని వాయించేవాణ్ణి. అదెంత వేగమో మా పాట అంత వేగం. మిగతా డ్రమ్మర్లు చెవిలో ఏదో టిక్కుటిక్కు పెట్టుకుని వాయిస్తారట. నా వల్ల కాదు, చెవిలో చీమ దూరినట్టుంటుంది. పక్కన ఒక యంత్రం ఆడుతుండాలి, దాని లెక్కే నా లెక్క. ఆ క్యాసెట్టులో పాటల వెనక మిల్లు మోత కూడా సన్నగా వినబడుతుంది. అందుకే క్యాసెట్టుకూ, అందులో మొదటి పాటకూ ‘ఊక’ అని పేరు పెట్టాం. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, వ్యాపారాలు. బ్యాండు ఆగిపోయింది, అంతే.

పోయిన ఏడాది ఎవరో పుణ్యాత్ముడు ఆ ‘ఊక’ను ఇంటర్నెట్లో పెట్టాడు. దేశం కాని దేశంలో కుర్రాళ్ళు విని, ఆ వెనక మోత ఏ వాయిద్యమని అడుగుతున్నారట. బెంగుళూరులో కరుణాకుమారి అని ఒకావిడ, చిన్న మ్యూజిక్ కంపెనీ నడుపుతుంది, ప్రసాద్‌ను వెతికి పట్టుకుని ఫోన్ చేసింది. రెండో ఆల్బం చెయ్యండి, నేను విడుదల చేస్తానంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొట్లో మేత బస్తాల మధ్య కూర్చునే మనిషిని ఎవరో ఎక్కడో తలుచుకుంటున్నారంటే మాటలా? ఈ ఆల్బంలో నా డ్రమ్స్ ఉండాలి. ఇంకేం వద్దు నాకు.

మిల్లు ఎప్పుడో పడగొట్టేశారు. అందుకని ఇసకపల్లి వైపు ప్రసాద్ గుంట గట్టు మీద మేత షెడ్డులో రికార్డింగు పెట్టుకున్నాం. షెడ్డు పక్కనే ఏరేటరు. గట్టు మీద మోటారు, దానికి బెల్టు, బెల్టుకు నీళ్ళలోకి పోయే పొడుగాటి ఇరుసు, ఇరుసుకు వరసగా చక్రాలు. ఆ చక్రాల రెక్కలు నీళ్ళను టప్ టప్ మని కొడుతుంటాయి. రొయ్యలకు గాలి అందేది దాంతోనే. నాకు తాళం అందేది కూడా దాంతోనే.

మొదటి వారం నా పరువు పోయింది. కుడి మోకాలు సగం పాటలోనే పట్టేసేది. ‘ఊక’ పాటనే మళ్ళీ వాయించి ఆల్బంలో మొదట పెడదామనుకున్నాం. ఒక్కసారీ చివరిదాకా పోలేదు. ఇద్దరూ ఏమీ అనలేదు. రెండో వారానికి, నా ఆయుర్వేదం నూనె పని చేసిందో, పొద్దున్నే గట్ల మీద నడక పని చేసిందో, కాలు దారిలోకి వచ్చింది. ఏరేటరు రెక్కల చప్పుడును పట్టుకుని మొదలుపెడితే పాట చివర కానీ ఆగలేదు. ఆ రోజు కొట్టుకు వచ్చిన ప్రతి రైతుకూ నా కాలి గురించి చెప్పాను. మేత కోసం వచ్చినవాళ్ళు పాపం ఓపిగ్గా విన్నారు.

మరి నేను ఇంత బాగా వాయిస్తుంటే వీళ్ళిద్దరి మొహాలు ఎందుకు అట్లా మాడిపోయి ఉన్నాయి? అక్కడే నాకు అనుమానం మొదలైంది.

నేను షెడ్డులోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయేవి. "ఏంది సంగతి?" అంటే "ఏముందిరా, రేట్లు పడిపోయినాయంట" అనేవాడు ప్రసాద్. రొయ్యల రేటు నాకు తెలియదా? ఆ వారం పెరిగింది. ఇంకో రోజు వాడు గట్టు మీద నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను వెనక నుంచి వస్తున్నానని చూసుకోలేదు. "డ్రమ్స్ సంగతి నాకు ఇడిసిపెట్టండి మేడం. ఆయనకు మాత్రం తెలీకూడదు. తెలిస్తే ఊరుకోడు" అన్నాడు. నన్ను చూసి ఫోన్ జేబులో వేసుకుని, ఎండ ఎక్కువగా ఉందని చెప్పాడు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

మీరే చెప్పండి, ఏమనుకోవాలి నేను? ఈ కాలంలో డ్రమ్మరు అక్కర్లేదు. కంప్యూటర్లో మీట నొక్కితే ఎంత వేగమైనా కొట్టి పెడుతుంది. లేదంటే మద్రాసులో కుర్రాళ్ళు, అద్దెకు దొరుకుతారు. నా చేత ఊరికే వాయింపించి, వెనక గుట్టుచప్పుడు కాకుండా ఇంకోడితో కొట్టించి, ఆల్బం వచ్చాక "నువ్వేలేరా వాయించింది" అని నా చెవిలో పువ్వు పెడతారు. నేను ఊళ్ళో అందరికీ వినిపించి మురిసిపోతాను. అదంతా కళ్ళ ముందు కనబడి నాకు ఒళ్ళు మండిపోయింది.

దాని మీద ఇంకొకటి. ప్రసాద్ గుంట దగ్గర ఆక్సిజన్ పౌడరు ఖాళీ సంచులు చూశాను. నీళ్ళలో గాలి తగ్గితే రొయ్యలు చావకుండా చల్లే పౌడరు అది. సంచుల మీద కావలి కొట్టువాడి ముద్ర ఉంది. ఇన్నేళ్ళలో ప్రసాద్ ఉప్పు తప్ప అన్నీ నా కొట్లోనే కొన్నాడు. ఇప్పుడు కావలి దాకా పోయి కొనుక్కొస్తున్నాడంటే అర్థం ఏమిటి? నాతో తెగతెంపులకు సిద్ధమయ్యాడని. రేపు గొడవైతే మందుల కోసం నా గడప తొక్కాల్సిన పని లేకుండా ముందే చూసుకుంటున్నాడు. సాయిలక్ష్మికి చెబితే, "ఆ పౌడరు ఎందుకు అన్ని సంచులు చల్లుతా ఉండాడో అడిగినావా?" అంది. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. పైగా ఆవిడకు విషయం అర్థం కాలేదని కసురుకున్నాను.

చివరికి తాడో పేడో తేల్చుకోవాలని నిన్న సాయంత్రం షెడ్డులో కదలకుండా కూర్చున్నాను. రికార్డింగు అయిపోయింది. నేను లేస్తానని వాళ్ళు, లేవనని నేను.

"ఇంటికి పోవా?" అన్నాడు చిన్నబాబు.

"ఇప్పటిదాకా రికార్డు చేసింది నాకు కాపీ ఇయ్యండి. పోతా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంకా బాగు చెయ్యాల గదరా, పచ్చిగా ఉండాది" అని నీళ్ళు నమిలాడు ప్రసాద్.

"పచ్చిగానే ఇయ్యి."

పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడు. నేను పోగానే ఇద్దరూ కూర్చుని కథ అల్లుకుంటారు గదా. ఆ అవకాశం ఇవ్వకూడదని ఇద్దర్నీ నా కారులోనే ఎక్కమన్నాను. ప్రసాద్ తన మోటారు సైకిలు ఉందన్నాడు. ఉండనీ అన్నాను. దారిలో, "టార్చిలైటు మరిసిపోయినా, ఎనక్కి తిప్పు" అన్నాడు. తిప్పలేదు. "మోటారు ఒకసారి చూసుకోవాలరా" అన్నాడు. "కామాక్షయ్య ఉండాడు గదా, చూసుకుంటాడు" అన్నాను. కామాక్షయ్య గుంట కాపలా మనిషి. ప్రసాద్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దొంగ దొరికాడని నాకు లోపల సంతోషంగా ఉంది.

ఇంటికి వచ్చి పెన్‌డ్రైవు టీవీకి పెట్టి, ‘ఊక’ పాట వేశాను. సాయిలక్ష్మి అన్నం వడ్డిస్తూ వింది. మొదలై ఇంకా ఎంతోసేపు కాలేదు, "ఇది నువ్వే గదా" అంది.

"ఎట్టా చెప్తావు?"

"పెళ్ళయినప్పటి నించీ ఇంటా ఉండా. దబదబా కొట్టి చివరన తాళం కాస్త ఆలస్యంగా ఏస్తావు. ఇంకెవురూ అట్టా కొట్టరు."

నిజమే. నేనే. నా తప్పులు కూడా నావే. కుర్రాడూ లేడు, కంప్యూటరూ లేదు. గుండెల మీద నుంచి బస్తా దించినట్టయింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో ఆవిడ మళ్ళీ అంది.

"కానీ పాతదాని కన్నా మెల్లగా ఉండాది గదా."

"ఏం మెల్ల? అదే వేగం" అన్నాను. నేనే లేచి ఫోన్లో పాత ‘ఊక’ పెట్టాను. తర్వాత కొత్తది. మళ్ళీ పాతది. అన్నం ఆరిపోయింది. పాతది మనిషి వెంట కుక్క పడ్డట్టు పరుగెత్తుతుంది. కొత్తది అదే మనిషి చేతికర్రతో నడుస్తున్నట్టుంది. నేను ఏరేటరుతో పాటే వాయించాను. దాని వేగం నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆ గుంటల మీద తిరుగుతున్నవాణ్ణి. అంటే వీళ్ళు కంప్యూటర్లో పాటను సాగదీశారు. నన్ను తీసేయలేక, ముసలాణ్ణి చేసి లోకానికి చూపించబోతున్నారు. వెంటనే బయలుదేరబోతే సాయిలక్ష్మి కారు తాళాలు కొంగున ముడేసుకుంది.

తెల్లవారగానే పోయాను. మబ్బు ఇంకా విడవలేదు, గాలి లేదు. తిట్టాల్సిన తిట్లన్నీ దారిలో వరసగా పేర్చుకున్నాను. గట్టు ఎక్కేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

గుంట వారంతా రొయ్యలు తేలి ఉన్నాయి. నీళ్ళలో గాలి అందక మీదికి వచ్చి మీసాలు పైకెత్తి కొట్టుకుంటున్నాయి. పట్టుబడికి వచ్చిన రొయ్య, చేతికి అందబోయే పంట. కామాక్షయ్య మోకాలి లోతు నీళ్ళలో పౌడరు చల్లుతూ పరుగెడుతున్నాడు. గట్టు మీద మోటారు ఆపి, ప్రసాద్, చిన్నబాబు ఇద్దరూ దాని మీద వంగి ఉన్నారు. చిన్నబాబు ఐసు బండి పక్కనే ఉంది, దాంట్లోనే చీకటితో వచ్చినట్టున్నారు. మోటారుకున్న పుల్లీని ఊడదీసి దాని కంటే పెద్దది ఎక్కిస్తున్నారు.

మోటారు మీద చిన్న పుల్లీ వేస్తే ఇరుసు మెల్లగా తిరుగుతుంది. రొయ్యల చెరువులతో బతికేవాడికి ఎవడికైనా తెలుసు. నాకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ముందు రొయ్య బతకాలి. కారులో ఎప్పుడూ ఉండే పౌడరు సంచులు దించి నేనూ నీళ్ళలోకి దిగాను. బెల్టు ఎక్కింది, మోటారు ఆడింది. చాలాసేపటికి రొయ్యలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కొన్ని దిగలేదు. కామాక్షయ్య వాటిని వలతో తీసి గట్టు మీద పోశాడు. పుట్టి మునగలేదు కానీ, నష్టం నష్టమే. ఎవరూ దాని లెక్క ఎత్తలేదు.

"ఎప్పుటి నించి?" అన్నాను, గట్టు మీద కూర్చున్నాక.

"రెండో వారం నించి" అన్నాడు ప్రసాద్, తడిసిన లుంగీ పిండుకుంటూ. "నువ్వొచ్చే ముందు చిన్నది ఏస్తాం. పోయినాక పెద్దది ఏస్తాం. కొంచెం తగ్గినా పౌడరుతో నెట్టుకొస్తా ఉన్నా. నిన్న నువ్వు మమ్మల్ని కదలనిస్తివా? రాత్రి కామాక్షయ్యకు ఫోన్ చేస్తే ఒక్కడి వల్ల కాలేదన్నాడు. పౌడరు చల్లతా ఉండమని చెప్పి, తెల్లారి చూద్దాంలే అనుకున్నాం."

కావలి కొట్టు ముద్ర ఎందుకో అప్పుడు బుర్రకెక్కింది. అన్ని సంచులు నా దగ్గర కొంటే, గుంటలో గాలి ఎందుకు తగ్గుతోందని నేను అడుగుతాను.

"నాకు చెప్పొచ్చు గదా."

చిన్నబాబు నవ్వాడు. "నీకా? మెల్లగా వాయించరా అంటే వాయిస్తావా? డ్రమ్ముల కిట్టు తన్నేసి పోతావు. మోటారు మాట తప్పితే నువ్వు ఎవురి మాటన్నా ఇన్నావా ఎప్పుడన్నా? అందుకే మోటారు చేతే చెప్పించినాం."

"ఆ మేడం మద్రాసు నించి ఒక పిలగాణ్ణి పంపిస్తానని రోజూ ఫోన్" అన్నాడు ప్రసాద్. "వద్దన్నా. హజరత్తు లేకపోతే అస్థికలు లేదని చెప్పినా. పాటలు మెల్లగా ఉంటే ఉండనీలే, ఎవురు సచ్చినారు?"

నాకు సిగ్గేసింది. వీళ్ళు నన్ను తీసేస్తారని ఇన్నాళ్ళూ కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాశాను. వీళ్ళేమో నన్ను ఉంచుకోవడానికి పంటనే పణంగా పెట్టారు. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది, దాచుకోను. జాలిపడితే నాకు చిన్నప్పటి నుంచీ పడదు.

"గిటార్లు తగిలించుకోండి" అన్నాను. "పెద్ద పుల్లీ మీదే వాయిస్తా."

వద్దన్నారు. వినలేదు. షెడ్డులోకి పోయి కిట్టు ముందు కూర్చున్నాను. ఏరేటరు రెక్కలు నీళ్ళను కొడుతున్నాయి, అసలు వేగంతో. అది వింటుంటే ఒక్క క్షణం బుచ్చిరెడ్డిపాలెం మిల్లులో ఉన్నట్టే అనిపించి ప్రాణం లేచొచ్చింది. ‘ఊక’ మొదలుపెట్టాం. మొదటి చరణం పోయింది, నేనే నమ్మలేకపోయాను. చిన్నబాబు కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూస్తూ గర్జించాడు. రెండో చరణం మధ్యలో మోకాలు పట్టేసింది. చేతులు పోతున్నాయి, కాలు పోవడం లేదు. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఇంకా ముందే ఆగింది. మళ్ళీ మొదలుపెట్టాను. కాలిని చేత్తో పట్టుకుని పెడల్ మీద పెట్టాల్సి వచ్చింది. ప్రసాద్ గిటారు తీగల మీద అరచెయ్యి ఆన్చి శబ్దం ఆపేశాడు.

"నా వల్ల కాదురా" అన్నాను. ఆ మాట వాళ్ళ నోటి నుంచి వస్తుందని ఇన్నాళ్ళూ భయపడ్డాను. తీరా చూస్తే అనాల్సింది నేనే.

ప్రసాద్, "చిన్నదే ఏద్దాంలే. పట్టుబడి అయిపోయినాక రికార్డు చేసుకుందాం. రొయ్య లేకపోతే నీళ్ళు ఎట్టా తిరిగితే ఏం?" అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. ఒప్పుకుంటే సరిపోయేది. నా డ్రమ్స్ ఆల్బంలో ఉండేవి. నేను ఒప్పుకుందామనే నోరు తెరిచాను కూడా. కానీ రాత్రి విన్న పాట చెవుల్లో ఉంది. ‘ఊక’ అట్లా ఉండదు.

"ఆ పుల్లీ మళ్ళా ముట్టుకుంటే నీ కాలు కూడా నా కాలు మాదిరి చేస్తా" అన్నాను. "ఆమె నంబరు చెప్పు."

వాడు చెప్పడు. చిన్నబాబు చెప్పాడు. నా ఫోన్ నుంచే చేశాను. కరుణాకుమారి వెంటనే ఎత్తింది. అంత పొద్దున్నే ఎవరో తెలియని నంబరు నుంచి చేస్తే ఎవరికైనా విసుగే కదా, గొంతులో అది తెలుస్తోంది.

"అస్థికలు బ్యాండు నుంచి మాట్లాడుతున్నానమ్మా" అన్నాను. "ఆ మద్రాసు అబ్బాయిని పంపించండి. చెవిలో ఏమీ పెట్టుకోకూడదని చెప్పండి. ఇక్కడ మోటారు పక్కన కూర్చోబెట్టి దాన్ని ఎట్లా పట్టుకోవాలో నేర్పిస్తాం."

"ప్రసాద్‌గారు ససేమిరా వద్దన్నారే. ఆ డ్రమ్స్ ఆయన ఒప్పుకోవద్దూ?" అంది. తర్వాత అనుమానంగా అడిగింది, "ఇంతకీ మీరెవరండీ?"

ప్రసాద్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చిన్నబాబు నన్నే చూస్తున్నాడు. కర్రలు ఇంకా నా ఎడమ చేతిలోనే ఉన్నాయి.

"నేనేనమ్మా" అన్నాను. "అప్పట్లో డ్రమ్స్ వాయించేవాణ్ణి."